పక్కటెముకకు తెలిసిన తుపాకి

నౌమాన్ చనిపోయినప్పుడు అతని తుపాకి కార్లో ఉంది.

సౌదీలోని ఉనైజా ఖర్జూరాల మార్కెట్‌లో, పట్టపగలు, జనం కిటకిటలాడుతుండగా జరిగింది. వేలం పాడేవాళ్ల కేకల్లో రెండు చిన్న చప్పుళ్లు కలిసిపోయాయి. నౌమాన్ పండు రుచి చూడబోతున్నవాడిలా ముందుకు వంగాడు. వంగినవాడు మళ్లీ లేవలేదు. కొన్ని బళ్ల అవతల కాపలాగా నిలబడ్డ అతని జోడీ దిలావర్ జనాన్ని తోసుకుని వచ్చేసరికి సుక్కరీ ఖర్జూరాల మీదుగా ఎర్రగా జారుతోంది. కాల్చినవాడి ముఖం ఎవరూ చూడలేదు. మడమల దాకా తెల్లటి తోబ్, నెత్తిన గళ్ల తలగుడ్డ గుత్రా. ఆ మార్కెట్‌లో సగంమంది అలాగే ఉన్నారు.

చేయవలసిన పని దిలావర్ చేశాడు. నౌమాన్ జేబులోంచి కారు తాళాలు తీసుకున్నాడు. డాష్‌బోర్డు తెరిచాడు. చేతిగుడ్డలో చుట్టి తుపాకి అక్కడే ఉంది. మంచి తుపాకే. పెద్దది, బరువైనది, గురి తప్పనిది. కానీ తోబ్ కింద పెట్టుకుంటే నడుము పక్కన ఇటుకలా ఉబ్బుతుంది. ఆ ఎండలో ఒళ్లు ఒరుసుకుపోతుంది. కాసేపటి పనే కదా అని వదిలేసి దిగాడు నౌమాన్.

దిలావర్ డాష్‌బోర్డు మూత మూశాడు. పడలేదు. గట్టిగా నొక్కాడు. అయినా పడలేదు. అప్పుడు చూసుకున్నాడు, మధ్యలో తన కుడిచేతి చివరి రెండు వేళ్లు నలుగుతున్నాయని.

ఎప్పుడో మస్కట్‌లో మోచేతి దగ్గర దిగిన కత్తి ఆ రెండు వేళ్లకూ స్పర్శ లేకుండా చేసింది. అవి వంగుతాయి, పట్టుకుంటాయి, కానీ ఏమీ చెప్పవు. నౌమాన్ పోయిన రోజు నుంచి మిగతా మనిషి కూడా వేళ్ల దారే పట్టాడు. నౌమాన్ జనాజా నమాజులో నిలబడ్డాడు. గుప్పెడు మట్టి వేశాడు. ప్రొద్దుటూరులో ఉన్న నౌమాన్ భార్య తాజున్నీసాకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆమె ఏడుస్తుంటే ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, గోడ మీది ఏసీ ఎన్ని డిగ్రీల్లో ఉందో చూస్తూ కూర్చున్నాడు.

*

ఖమీస్ ముషైత్‌లో వీరభద్రరావు ఆఫీసు బయట 'వాటర్ పైప్‌లైన్ కన్సల్టెంట్స్' అని బోర్డు ఉంటుంది. లోపల నిజంగానే పైపుల మ్యాపులు ఉంటాయి. మనిషి మాత్రం భారత గూఢచారి విభాగానికి అక్కడి స్టేషన్ చీఫ్.

దిలావర్ తలుపు కొట్టాడు.

"గహ్వా కాఫీలో ఏలకులు ఎక్కువయ్యాయి" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

"అల్లం వేస్తే సరిపోద్ది" అని లోపలి నుంచి జవాబొచ్చింది. తలుపు తెరుచుకుంది.

"కిటికీలోంచి నన్ను చూశారు కదా సార్. మళ్లీ కోడ్ ఎందుకు?"

"కోడ్ కోడేనయ్యా. మొహాలు మారిపోతాయి. కూర్చో."

టేబుల్ మీద ఒక ఫోటో ఉంది. బట్టతల, కళ్లజోడు, ఎవరో జోక్ వేస్తే ఆలస్యంగా నవ్వినట్టున్న ముఖం.

"అమర్నాథ్. రాడార్ ఇంజనీరు. నువ్వు దూరం నుంచి చూసే ఉంటావు. మనాడే, గుంటూరు. డ్రోన్లను పసిగట్టే రాడార్లలో వేసే చిప్స్ టెస్ట్ చేస్తాడు. అందులో ఒక బ్యాచ్ దొంగ సరుకు. బయట్నుంచి ఓ సిగ్నల్ పంపితే చాలు, రాడార్ గుడ్డిదైపోద్ది. ఆ సిగ్నల్ ఏవిటో కనిపెట్టినవాడు ఆయనొక్కడే. అదంతా ఆయన బుర్రలోనే ఉంది."

"అమ్మింది ఎవరు?"

"ఓ విదేశీ ముఠా. జేబు నిండా పాస్‌పోర్టులు, పేరు మాత్రం లేదు. నౌమాన్ వాళ్ల తోక పట్టుకున్నాడు. పట్టుకున్నందుకే..." వీరభద్రరావు ఆగాడు.

"చెప్పండి సార్. నాకేం కాదు" అన్నాడు దిలావర్. నిజంగానే ఏమీ కాలేదు.

చీఫ్ అతన్ని కాసేపు చూసి, మళ్లీ అందుకున్నాడు. "శుక్రవారం పొద్దున్న అభా నుంచి ఫ్లైటు. ఢిల్లీలో దిగితే మనవాళ్లు చూసుకుంటారు. గురువారం సాయంత్రం కంపెనీవాళ్లు ఇస్తిరాహాలో ఆయనకి ఫేర్‌వెల్ ఇస్తున్నారు."

ఇస్తిరాహా అంటే ఊరి చివర అద్దెకిచ్చే తోట. లోపల హాలు, కార్పెట్లు, పచ్చిక, చుట్టూ ఎత్తు గోడ.

"పార్టీ మానేయమనండి."

"మానేస్తే విషయం మన దాకా వచ్చిందని ముఠాకి తెలిసిపోద్ది. రాత్రికి రాత్రి జెండా ఎత్తేస్తారు. ఆయన వెళ్లాలి, నవ్వాలి, కేకు కొయ్యాలి. నువ్వు ఆ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్‌వి. ఐదు పూటలా నమాజు చేసేవాడివని అందరికీ తెలుసు. ఆయన దగ్గర నువ్వుంటే ఎవడూ వింతగా చూడడు. ఇక్కడి అధికారుల్లో మన మిత్రుడి అనుమతి ఉంది నీ తుపాకికి. కానీ గేటు దగ్గర ఒళ్లు తడిమే ప్రైవేటు సెక్యూరిటీవాళ్లకి ఇదేం తెలీదు. తెలియకూడదు కూడాను."

"మరి తుపాకి లోపలికెలా?"

"అదుగో, వస్తోంది."

ముందు అత్తరు వాసన వచ్చింది. తర్వాత ఖాలిదా వచ్చింది. బురఖాలాంటి వెండి జరీ అంచు అబాయా, నెత్తి మీదికి తోసుకున్న నల్లకళ్లద్దాలు, పొడుగాటి మనిషి. హైదరాబాద్ టోలీచౌకీ పిల్ల. ఖమీస్‌లో పెద్ద పెద్ద పార్టీలన్నీ ఆమె ఈవెంట్ కంపెనీయే చేస్తుంది. పార్టీల్లో విన్నవన్నీ వీరభద్రరావుకు చేరవేస్తుంది.

"సలాం భాయ్. ఏంది గట్ల రాయి లెక్క కూసున్నవ్?" అంది. వెంట తెచ్చిన పెద్ద ఇత్తడి డల్లా టేబుల్ మీద పెట్టింది. అరబ్బుల కాఫీ కూజా. పార్టీల్లో అలంకారానికి పెట్టే రకం. అడుగు పట్టి తిప్పితే లోపల ఒక అర బయటపడింది. "మొగోళ్ల ఒళ్లు తడుముతరు. నా పూలు, నా కేకులు ఎవడు తడుముతడు? గురువారం పగలు నీది నాకియ్యి. లోపల్కి పోయినంక నీ చేతుల పెడ్త. ఏ మోడలో చెప్తే ఆ సైజుల అర చేపిస్త."

"ఇంకా ఎంచుకోలేదు."

"చిన్నది తీస్కో. అరచేతిల పట్టేది. నౌమాన్ భాయ్ లెక్క పెద్దదాని ఎంట వడకు." పేరు చెప్పగానే ఆమె కళ్లు చెమర్చాయి. అబాయా అంచుతో అద్దుకుంది. కాటుక మాత్రం చెదరలేదు.

"ఈసారి తుపాకి కార్లో ఉండకూడదయ్యా" అన్నాడు చీఫ్.

"ఉండదు సార్."

*

మహబూబ్ సుభానిది కర్నూలు. ఖమీస్‌లో పైకి ఏసీ రిపేరు షాపు. అంతకుముందు పోలీసు శాఖలో ఆర్మరర్‌గా సగం జీవితం తుపాకులకు నూనె పెడుతూ గడిపాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా దిలావర్ ఆయన్ని మామూ అంటాడు.

ఊరికి దూరంగా బండలు పేల్చే క్వారీ ఒకటుంది. అక్కడ ఏ చప్పుడైనా ఎవడూ తల తిప్పడు. సుభాని తన వ్యాను వెనక తలుపు దించి, అట్టముక్క మీద మూడు తుపాకులు పెట్టాడు.

"పెండ్లికూతుర్లను సూసినట్ల నెమ్మదిగా సూడబ్బా. తొందరపడాకు. ముందు ఇది."

మొదటిది బుల్లిది. తోబ్ కింద ఉందో లేదో ఉన్నవాడికే తెలియదు. కానీ పిడి మీద రెండు వేళ్లకే చోటుంది. దిలావర్ చివరి రెండు వేళ్లూ గాల్లో వేలాడాయి. పేల్చిన ప్రతిసారీ అది చేతిలో కప్పలా ఎగిరింది. ఎదురుగా నిలబెట్టిన డబ్బాకు అటూ ఇటూ దుమ్ము లేచింది గానీ డబ్బా కదలలేదు.

"దాని తప్పు ల్యా. అది ముట్టుకునేంత దగ్గరికొస్తే పేల్చేది" అన్నాడు సుభాని.

"నాకు పనిచేసే వేళ్లే తక్కువ కదా మామూ. చాలదా?"

"పని జేయని వేళ్లకు గూడా కూచునేకి చోటు గావాల్రా. ల్యాకుంటే పోయి పనిజేసేటోళ్ల మీద పడి ఏడుస్తాయి. మన ఆఫీసుల్లో సూల్యా?"

రెండోది పెద్దది. నౌమాన్ దగ్గరున్న రకమే. పట్టుకోగానే చెయ్యి నిండింది. గుళ్లన్నీ డబ్బా మీద ఒకేచోట దూరాయి. దిలావర్ దాన్ని కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు.

"బాగుండాది గదా? ఇప్పుడు నడుముకు పెట్టుకోని నమాజ్ చెయ్."

"ఇక్కడా?"

"రేపు జేయవా? ఆడ అందరూ నమాజుకు నిలబడితే నువ్వు దిక్కులు సూస్తా నిలబడతావా? చెయ్ సూద్దాం."

చదును బండ మీద దిలావర్ నిలబడ్డాడు. రుకూలో వంగగానే వీపు కింద తోబ్ గూనిలా లేచింది. తుపాకిని ముందుకు జరుపుకుని సజ్దాలోకి వెళ్లబోతే పిడి పొట్టలో దిగి, నుదురు నేలకు ఆనలేదు.

సుభాని పగలబడి నవ్వాడు. "దీన్ని పెట్టుకోని నమాజ్ జేయాలంటే కుర్చీ ఏసుకోవల్లరా, మోకాళ్ల నొప్పుల ముసిలోళ్ల మాదిరి! ఇంగోటి సూడు. దీని ఎనకాల ఈ తోక, హ్యామర్. ఇది పోయి కొడితేనే గుండు లేస్తాది. తీసేటప్పుడు తోబ్ గుడ్డ తట్టుకోని దీని ముందర పడిందనుకో, తుస్సే. పీలిక సాలు."

మూడోది రెండింటికీ మధ్య రకం. సన్నగా, పల్చగా, బయటికి పొడుచుకొచ్చే హ్యామర్ లేకుండా. పిడి కాస్త పొట్టి. చిటికెనవేలు జారుతోందని చూసి సుభాని దాన్ని షాపుకు తీసుకుపోయాడు. ఏసీ బిగించే ఇత్తడి బ్రాకెట్లోంచి చిన్నముక్క కోసి, అరగదీసి, గుళ్లు నింపే మ్యాగజైన్ అడుగుకు అతికించాడు. ఆ వేలు ఆనేట్టు అంచును ఒక పక్కకు వాల్చాడు. నల్ల రంగు వేశాక చూస్తే అది కంపెనీలో వచ్చిన ముక్కలానే ఉంది.

తోబ్ కుడి జేబు అడుగు కూడా కత్తిరించి కుట్టాడు. జేబులో చెయ్యి పెట్టినవాడిలా పెడితే చాలు, నేరుగా తుపాకి మీద పడుతుంది. తోబ్ ఎత్తనక్కర్లేదు.

మళ్లీ క్వారీ. మళ్లీ డబ్బా. తియ్యడం, చూడడం, నొక్కడం. గుళ్లు లేకుండా కొంతసేపు, గుళ్లతో కొంతసేపు. పెద్దదానంత ముచ్చటగా కాకపోయినా గుళ్లు డబ్బాను వదలలేదు. రుకూలో ఏమీ ఉబ్బలేదు. సజ్దాలో మాత్రం ఆ ఇత్తడి అంచు వచ్చి కింది పక్కటెముక మీద పొడిచింది.

"కుచ్చుతాంది మామూ."

"కుచ్చనీ. కుచ్చుతాంటే ఉన్నట్టు."

మోడల్ పేరు ఖాలిదాకు చెప్పి, ఆ వారమంతా దిలావర్ ఆ తుపాకితోనే తిరిగాడు, ఆ తుపాకితోనే నమాజు చేశాడు. పక్కటెముక మీద మచ్చ ముందు ఎర్రబడింది, తర్వాత నీలమైంది. తాజున్నీసా మళ్లీ ఫోన్ చేసింది. నౌమాన్ బట్టలు ఎప్పుడు పంపిస్తారని అడిగింది. పంపిస్తానన్నాడు. పెట్టేశాక గొంతులో గానీ గుండెలో గానీ ఏదైనా కదిలిందేమోనని చూసుకున్నాడు. లేదు. ఒంట్లో నొప్పి తెలిసే చోటు ఆ ఎముక ఒక్కటే.

గురువారం పగలు తుపాకిని సంచిలో పెట్టి ఖాలిదాకు ఇచ్చాడు. సుభాని అతని చేతిలో ఒక మిస్వాక్ పుల్ల పెట్టాడు, పళ్లు తోముకునేది.

"తోముకోవాకు. షాక్ కొడతాది. ఇరిస్తే నా ఫోన్ మోగుతాది. నా వ్యాను గేటు ముందరే ఉంటాది. మన సౌదీ దోస్తు మనుసులు ఎనక బండిలో ఉంటారు."

*

కార్లో అమర్నాథ్ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏవండీ దిలావర్ గారూ, ఈ సెక్యూరిటీ ప్రోటోకాల్ అంతా కాస్త ఓవర్ కదండీ? అంటే, నాకు భయంగానే ఉందనుకోండి. బట్ స్టిల్." కిటికీలోంచి కొండల మీద దిగుతున్న మంచు కేసి చూశాడు. "ఎల్లుండికల్లా ఇంట్లో ఉంటానని మా అమ్మాయి రిషితకి చెప్పలేదండీ. సర్‌ప్రైజ్ చేద్దామని. తప్పంటారా?"

"వెళ్లినాక చెప్పండి సార్."

"మీరు... అవసరమైతే కాల్చగలరు కదా?"

"కాలుస్తా."

"భయం వెయ్యదా?"

"వెయ్యదు."

"అదృష్టవంతులండీ" అన్నాడు అమర్నాథ్. దిలావర్ బండి గేరు మార్చాడు.

గేటు దగ్గర ఇద్దరినీ తడిమారు, పంపారు. లోపల పచ్చిక మీద పొడుగాటి కార్పెట్లు, దీపాల తోరణాలు, మాంసం కాలుతున్న పొగ. అతిథులు నేల మీద గుండ్రంగా కూర్చుని గహ్వా తాగుతున్నారు. వాళ్ల మధ్య ఇష్తియాక్ అనే కొత్త మనిషి అందరినీ నవ్విస్తున్నాడు. కంపెనీకి ఈమధ్యే కేబుళ్లు సరఫరా చేయడం మొదలుపెట్టాడట. బాసింపట్టు వేసి కూర్చున్నవాడు, అమర్నాథ్‌ను చూడగానే చెయ్యి నేలకు ఆనించకుండానే చివాలున లేచాడు. ఖర్జూరాల పళ్లెం తెచ్చి ఎదుట పట్టాడు.

"మా ఇండియా ఇంజనీర్ సాబ్! తినండి, ఉనైజా సరుకు" అన్నాడు ఉర్దూలో.

అమర్నాథ్ ఒకటి తీసుకున్నాడు. దిలావర్ వద్దన్నాడు. ఉనైజా తర్వాత అతను ఖర్జూరం ముట్టలేదు.

కొద్దిసేపటికి ఖాలిదా స్టోర్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి కళ్లతోనే పిలిచింది. లోపల డల్లా అడుగు తిప్పి తుపాకి తీసి ఇచ్చింది. దిలావర్ స్లైడ్ కాస్త వెనక్కి లాగి చూశాడు, గుండు ఉంది. మ్యాగజైన్ నిండుగా ఉంది. చెయ్యి పిడిని చుట్టుకుంది. చివరి రెండు వేళ్లూ కింది అంచు మీద ఆనాయి. అవి ఏమీ చెప్పలేదు. అవి ఎప్పుడూ చెప్పవు.

"అంతా ఓకే నా భాయ్?"

"ఓకే."

బయట పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు అజాన్ మొదలైంది.

*

కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని మగవాళ్లు కార్పెట్ల మీద వరసలు కట్టారు. హిందువులు, క్రిస్టియన్లు అయిన ఉద్యోగుల్ని ఖాలిదా గ్రూప్ ఫోటో అని తోట అవతలి మూలకు తీసుకుపోయింది. అమర్నాథ్‌ను మాత్రం, "సార్, మీరిక్కడ్నే కూసోండి. మీకు సర్‌ప్రైజ్ ఉన్నది" అని వరసలకు కాస్త వెనగ్గా, కుడిపక్క దిండ్ల దగ్గర కూర్చోబెట్టింది. దిలావర్‌కు అది నచ్చలేదు. కానీ వరస నిలబడింది. అతనూ నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తూ నమాజు చేసేవాడు లోకంలో ఉండడు.

ఇమాం గొంతు పచ్చిక మీద పరుచుకుంది. నిలబడ్డారు. వంగారు. లేచారు. సజ్దాలోకి వెళ్లారు.

నుదురు కార్పెట్‌కు ఆనింది. పక్కటెముక ఎదురుచూసింది.

ఏమీ పొడవలేదు.

కుడిపక్క తుపాకి బరువుంది. పిడి ఉంది. అది ఒంటికి చల్లగా, బల్లపరుపుగా ఆనుకుని ఉంది. కానీ వారం రోజులుగా ప్రతి సజ్దాలో వచ్చి పొడిచే ఆ వాలు అంచు లేదు. రెండో సజ్దా. మళ్లీ ఏమీ లేదు. ఇది అదే రకం తుపాకి, సుభాని ఇచ్చిన తుపాకి మాత్రం కాదు.

దిలావర్ లేచి నిలబడ్డాడు. పెదాలు ఖురాన్ ఆయత్ చదువుతున్నాయి. బుర్ర వేరే లెక్క చేస్తోంది. తుపాకి మార్చగలిగింది ఒక్క ఖాలిదాయే. మోడల్ అడిగింది కూడా అందుకే. కాల్చని తుపాకి ఇచ్చిందంటే, కాల్చేవాడు ఇక్కడే ఉన్నాడు. వాడి తుపాకి కూడా ఆమె పూలలోనో కేకులోనో వచ్చింది. అమర్నాథ్‌ను ఒంటరిగా కూర్చోబెట్టింది. అందరి నుదుళ్లూ నేల మీద ఉండే క్షణం ఇంకా మిగిలే ఉంది.

అతను భయం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. దానివల్ల ఒక మేలు జరిగింది. బుర్ర ఖాళీగా, తేటగా ఉంది.

నమాజు రెండో విడత, రెండో రకాత్. రుకూ. వంగినప్పుడు కళ్లు వరస పొడుగునా పాదాల మీదుగా పోయాయి. పాదాలు, పాదాలు, చివర ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు. నేల మీదికి వంగలేనివాళ్లకు వేసే కుర్చీ. దానిలో ఇష్తియాక్.

ఇందాక బాసింపట్టు వేసి కూర్చున్నవాడు. చెయ్యి ఆనించకుండా లేచినవాడు.

దీన్ని పెట్టుకోని నమాజ్ జేయాలంటే కుర్చీ ఏసుకోవల్లరా.

సజ్దా. వరసలన్నీ ఒక్క మనిషిలా నేలకు వంగాయి. దిలావర్ నుదురు ఆనించి, పై జేబులోని మిస్వాక్‌ను పుటుక్కున విరిచాడు. అప్పుడే కుడివైపు చివర కుర్చీ కిర్రుమంది.

దిలావర్ నమాజు తెంచుకుని లేచాడు.

ఇష్తియాక్ అప్పటికే కుర్చీ వదిలాడు. నడుము నుంచి వస్తోంది పెద్ద తుపాకి. హ్యామర్ వెనక్కి ఎక్కిపెట్టి ఉంది. దిండ్ల దగ్గర అమర్నాథ్ ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తాడు. నోరు తెరిచాడు. వంగిన వీపుల మీదుగా దూకుతూనే దిలావర్ జేబులోంచి తుపాకి తీసి నొక్కాడు. టిక్ మని మాత్రం అంది. ఊహించినదే. దాన్ని రాయిలా ఇష్తియాక్ ముఖాన విసిరి, ఆ ఊపులోనే మీద పడి, పైనుంచి కుడిచేత్తో అతని తుపాకిని ఒడిసిపట్టాడు. చివరి రెండు వేళ్లనూ హ్యామర్ ముందు సందులోకి తోశాడు.

ఇష్తియాక్ ట్రిగ్గర్ నొక్కాడు.

హ్యామర్ వేళ్ల మీద పడింది. మాంసంలోకి దిగింది. తుపాకి పేలలేదు. ఇష్తియాక్ ఆశ్చర్యంగా చూశాడు, ఈ మనిషి చెయ్యి ఎందుకు వదలడం లేదా అని. ఎవడైనా వదలాలి.

దిలావర్ వదలలేదు. అతనికి తెలియలేదు.

ఎడమచేత్తో గొంతు కింద ఒక్కటిచ్చాడు. ఈలోగా ముగింపు సలాం చెప్పకుండానే నమాజు ఆగిపోయింది. ముందు వరసలోంచి బస్సు డ్రైవర్లు వచ్చి ఇష్తియాక్ మీద కుప్పగా పడ్డారు. ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. తమ సూపర్‌వైజర్ నమాజు మధ్యలో లేచి ఒకణ్ణి పట్టుకున్నాడంటే వాడు పట్టుకోవలసినవాడే అనుకున్నారు.

"దిలావర్ గారూ" అన్నాడు అమర్నాథ్, దిండును గుండెకు హత్తుకుని. "మీ వేళ్లండీ! రక్తం!"

"చూశాను సార్. కూర్చోండి."

*

ఖాలిదా కారు గేటు దాటలేదు. గేటుకు అడ్డంగా ఒక ఏసీ రిపేరు వ్యాను బానెట్ ఎత్తి ఆగిపోయి ఉంది. ఆమె హారన్ మీద హారన్ కొట్టింది.

"అరే చాచా, హటో! అర్జెంటు!"

"వస్తాండా తల్లీ. బండి ముసిల్దైపోయింది" అన్నాడు సుభాని, తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ. వెనక బండిలోంచి సౌదీ అధికారి మనుషులు దిగారు.

దిలావర్ చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చేసరికి ఆమె వెనక సీట్లో, మధ్యలో కూర్చుని ఉంది. వెండి జరీ అంచు సర్దుకుంది.

"ఎట్ల తెల్సింది భాయ్? రెండు పక్కపక్కన వెట్టి చూసిన. సేమ్ టు సేమ్ ఉన్నయ్."

"నువ్వు చూసినావు. నేను నమాజ్ చేసినా."

ఆమెకు అర్థం కాలేదు. దిలావర్ ఒక్కటి అడిగాడు. "ఉనైజాలో నౌమాన్‌ను చూపించింది నువ్వేనా?"

ఖాలిదా కళ్లద్దాలు పెట్టుకుంది. జవాబు అదే. బండి కదిలింది. దిలావర్ కోపం కోసం వెతుక్కున్నాడు, కాసేపు ఓపిగ్గానే.

కేకు డబ్బాలోంచి దిలావర్ అసలు తుపాకిని వెతికి తీసింది సుభానియే. క్రీము తుడిచాడు. దిలావర్ వేళ్లు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"అన్ని దినాలు క్వారీలో గుండ్లు తగలబెట్టి తుపాకి ఎంచితిమి. తీరా పనికొచ్చింది పనికిరాని ఏలు."

"కూచునేకి చోటు కావాలన్నావు కదా మామూ. దొరికింది."

ఆగిపోయిన మగ్రిబ్ మళ్లీ నిలబెట్టారు. దిలావర్ తుపాకిని నడుము పక్కన దాని చోట పెట్టుకుని వరస చివర నిలబడ్డాడు. వెనక అమర్నాథ్ ఈసారి ఇద్దరు అధికారుల మధ్య కూర్చుని ఫోన్లో రిషితకు సర్‌ప్రైజ్ చెప్పేస్తున్నాడు. సజ్దాలో నుదురు ఆనగానే ఇత్తడి అంచు వచ్చి సరిగ్గా ఆ నీలపు మచ్చ మీద పొడిచింది. నొప్పి పుట్టింది. వరసంతా లేచినా దిలావర్ ఇంకా కాసేపు అలాగే ఉండిపోయాడు. లేచాక చూస్తే కార్పెట్ మీద అతని ముఖం ఆనిన చోట తడిగా ఉంది. ఖమీస్‌లో సాయంత్రం అయితే మంచు కురుస్తుంది. అంతే అయి ఉంటుంది.

ఫోన్ మోగింది. వీరభద్రరావు.

"ఏలకులు..." అని మొదలుపెట్టాడు దిలావర్.

"ఏలకులూ లేవు అల్లమూ లేదు, చెప్పవయ్యా! మనిషి క్షేమమేనా?"

"క్షేమం సార్."

"హమ్మయ్య. సరే, ఢిల్లీవాళ్లు ఆయుధం పనితీరు మీద రిపోర్ట్ అడుగుతున్నారు. అంత కష్టపడి ఎంచుకున్నావు కదా. ఎలా పనిచేసింది నీ తుపాకి?"

దిలావర్ కట్టు కట్టిన చేత్తో పక్కటెముక తడుముకున్నాడు.

"బ్రహ్మాండంగా సార్. ఒంటి మీద లేనప్పుడు కూడా."